ఏ కథ చెప్పినా ‘ఇది ఫలానా సినిమాలా ఉంది’ అంటున్నారు

ప్రశ్న (కాలువగట్టు):
మాది భీమవరం దగ్గర పల్లెటూరు. సినిమాకు కథ రాస్తున్నాను. అప్పుల్లో కూరుకుపోయిన రొయ్యల రైతు, ఉద్యోగం వదిలి ఇంటికొచ్చిన కొడుకు: ఇదీ లైను. ఎవరికి చెప్పినా రెండు నిమిషాల్లో ఏదో సినిమా పేరెత్తి ‘వచ్చేసింది కదా’ అంటున్నారు. ఎవరూ చెప్పని కథ అసలు మిగిలి ఉందా?

పాతరీలు:
లైనులో కొత్తదనం కోసం వెతకకండి, దొరకదు. ‘మిస్సమ్మ’ (1955)కు మూలం బెంగాలీ నాటకం. ‘గుండమ్మ కథ’ (1962) కన్నడ సినిమా నుంచి వచ్చింది. ‘మాయాబజార్’ (1957)లోని శశిరేఖ వ్యాసభారతంలోనే లేదు. నాటకాల్లోనూ అంతకుముందు సినిమాల్లోనూ జనం చూసిన కథే అది. అయినా గుండమ్మ అరువు మనిషిలా ఉంటుందా? సూర్యకాంతం నోరు తెరిస్తే అచ్చం మన వీధి చివరి ఇల్లే.

మీ దగ్గర చెరువు ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. రాత్రి కరెంటు పోయింది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. తెల్లవారేలోగా నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి, పంటంతా పోతుంది. జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. పక్క చెరువు వాళ్ళ షెడ్డులో డ్రమ్ము ఉంది. కాని వాళ్ళతో గట్టు తగాదా కోర్టులో నడుస్తోంది. ఇప్పుడు అడగడానికి ఎవరు వెళ్తారు? ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబు ఇంకెవరి సినిమాలోనూ ఉండదు.

తెరవెనుక:
నేను సహాయ దర్శకుణ్ణి. పాతరీలు గారితో సగమే ఏకీభవిస్తాను. ఆ డీజిల్ సన్నివేశం నాకు చాలా నచ్చింది, కాని కథ వినే గదిలో అది నిలవడం కష్టం. అక్కడ కథంతా నోటితో చెప్పాలి. మొదటి పది నిమిషాల్లోనే ‘హీరో ఎలా వస్తాడు, ఇంటర్వెల్ ఎక్కడ’ అంటారు. ఆడిన సినిమా పోలిక కనిపిస్తేనే డబ్బు పెట్టేవారికి ధైర్యం. కథలకు కరువు లేదు, వినిపించే చోటే అవి అరిగిపోతున్నాయి. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఎక్కువగా స్థానికులతో, కొత్త ముఖాలతో తీశారు. అంత చిన్నగా ఆలోచించగలిగితే మీ చెరువు మీ చెరువులాగే తెర మీదికి వస్తుంది.

నల్లకోటు:
ఒక్క మాట. లైనుకు కాపీరైటు ఉండదు. తన నాటకాన్ని కాపీ కొట్టి సినిమా తీశారంటూ ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది: రక్షణ ఆలోచనకు కాదు, దాన్ని మలచిన తీరుకు. కాబట్టి సన్నివేశాలన్నీ పూర్తిగా రాసి, రచయితల సంఘంలో నమోదు చేయించాకే వినిపించండి.

కాలువగట్టు:
అందరికీ ధన్యవాదాలు. డీజిల్ కోసం కొడుకును పంపుదామనుకుంటున్నాను. తగాదా మొదలైనప్పుడు అతను ఊళ్ళో లేడు, మొహమాటం ఉండదు.

పాతరీలు:
వద్దండీ, తండ్రినే పంపండి. కోర్టుకెక్కింది ఆయన. చేయి చాచాల్సిందీ ఆయనే.