చెట్ల పలకల మీద క్యూఆర్ కోడ్ వానకి నిలవాలంటే ఏం వాడాలి?

అమలాపురం దగ్గర మా ఊరి కాలువగట్టు మీద బడిపిల్లల కోసం చెట్ల బాట తయారుచేస్తున్నాం. మేం పదిహేను మందిమి, అందరం కాలేజీ వాళ్లమే. కిలోమీటరు పొడవునా 32 చెట్లు: కానుగ, గంగరావి, నేరేడు, నిద్రగన్నేరు, తాడి వగైరా. పలక మీది కోడ్ స్కాన్ చేస్తే ఆ చెట్టు గురించి పిల్లలే చెప్పిన రెండు నిమిషాల ఆడియో వస్తుంది.

పలకలే నిలవడం లేదు. జూన్‌లో ఇంక్‌జెట్ ప్రింటు తీసి లామినేషన్ చేయించాం. తాడు కోసం పెట్టిన కన్నాల్లోంచి నీళ్లు దిగి, మూడో వారానికే సిరా నీలంగా పాకిపోయింది, లోపల నల్లటి బూజు చుక్కలు. ఆగస్టులో సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ ఫోమ్ పలక) మీద వినైల్ స్టిక్కర్ వేయించాం. నెలన్నరకి అంచులు లేచిపోయాయి, పడమటి ఎండ తగిలేవి వెలిసిపోయాయి కూడా. రేకు మీద ఎనామిల్ పెయింటుతో రాసిన పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. కానీ స్టెన్సిల్ పెట్టి కోడ్ వేస్తే గళ్లు అలుక్కుపోయి ఏ ఫోనూ చదవడం లేదు.

చెట్టుకి మేకులు కొట్టం. బెరడు కిందే కదా చెట్టు పెరిగే పొర ఉండేది! నైలాన్ తాడు కడితే గాలికి ఊగి లేత నేరేడు బెరడు ఒరిసిపోయింది. చూడగానే ప్రాణం ఉసూరుమంది, అప్పుడే కోసేశాం. ఇప్పుడు పక్కన సరుగుడు గుంజలు పాతి వాటికే బిగిస్తున్నాం, ఆ ఇబ్బంది తీరింది.

పలకకి 150 రూపాయల లోపు, మా కోనసీమ వానకీ ఎండకీ రెండేళ్లయినా కోడ్ చెదరకుండా ఉండాలంటే దేని మీద, ఏ రకం ప్రింటు వేయించాలి?