బిడ్డను రాత్రి పక్కనే ఉంచుకుంటే ఎక్కువ నెలలు పాలివ్వగలమా?

తొలిచూలు:
వచ్చే నెల కాన్పు. ఆస్పత్రిలో బిడ్డను రోజంతా పక్కనే ఉంచుకుంటే (రూమింగ్-ఇన్) పాలు ఎక్కువ కాలం ఇవ్వగలనని కొందరంటున్నారు. రాత్రి నర్సరీకి ఇచ్చి నిద్రపొమ్మని ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

రాత్రిడ్యూటీ:
పక్కనే ఉంచుకోండి. ఆకలి ముదిరాక గానీ బిడ్డ ఏడవదు. అంతకు ముందే నోరు తెరిచి అటూ ఇటూ వెతుకుతుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పక్కనున్న తల్లి అది వెంటనే చూస్తుంది. నర్సరీలో ఇంతమందిని చూసుకునే నాకు ఏడిస్తేనే తెలుస్తుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి, రాత్రి కూడా. పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిళ్ళే ఎక్కువ. తల్లిపాలు బాగా సాగేందుకు డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్ ఆస్పత్రులకు చెప్పిన పది సూత్రాల్లో ఏడోది ఇలా పక్కనే ఉంచడమే.

రెండోకాన్పు:
ఇవన్నీ మొదటి వారం సంగతులు. ఆవిడ అడిగింది నెలల గురించి. వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 సమీక్షకు పనికొచ్చిన ట్రయల్ ఒక్కటే దొరికింది. నాలుగో రోజుకు తల్లిపాలు మాత్రమే తాగుతున్నవాళ్ళు పక్కనే ఉంచినప్పుడు 86 శాతం, వేరుగా ఉంచినప్పుడు 45 శాతం. ఆరు నెలలకు ఇంకా ఎంతో కొంత తల్లిపాలు తాగుతున్నవాళ్ళ లెక్కలో మాత్రం తేడా కనిపించలేదు.
నా మొదటి కాన్పు సిజేరియన్. ఆ రాత్రి పాపను ఎత్తుకోలేకపోయాను, పిలిస్తే ఎవరూ రాలేదు. పాప పక్కనే ఉంది, పాలు పట్టించేవాళ్ళే లేరు. రెండు నెలలకే మానేశాను.

రాత్రిడ్యూటీ:
మిమ్మల్ని అలా వదిలేయడం ముమ్మాటికీ తప్పు. కానీ ఆరు నెలల లెక్కకు అందినవాళ్ళు 137 మందే. అంత తక్కువమందిలో తేడా కనపడనంత మాత్రాన తేడా లేదని తేలినట్టు కాదు. బెలారస్‌లో 1990ల్లో మొదలైన ప్రోబిట్ ట్రయల్‌లో 17 వేల మందికి పైగా తల్లీబిడ్డలున్నారు. ఆ పది సూత్రాల ఆధారంగా సిబ్బంది శిక్షణ పొందిన చోట్ల ఏడాది నిండేసరికి 19.7 శాతం పిల్లలు ఇంకా తల్లిపాలు తాగుతున్నారు, మిగతా చోట్ల 11.4 శాతం.

రెండోకాన్పు:
అక్కడ పాలు పట్టించడం నేర్పారు, ఇంటికెళ్ళాకా క్లినిక్‌లో సాయం అందింది. అందులో పక్కన ఉంచడం వాటా ఎంతో విడదీయలేం. అయినా రెండోసారి నేనూ బాబును పక్కనే ఉంచుకున్నాను. ఈసారి మా అక్క తోడుంది, బాబు రొమ్మును నోటితో పట్టుకున్న తీరు సరిగ్గా లేనప్పుడల్లా ఒక నర్సు వచ్చి సరిచేసింది. పద్నాలుగు నెలలు ఇచ్చాను.
తొలిచూలు గారూ, రాత్రి బెల్ కొడితే ఎవరొస్తారో ఇప్పుడే ఆస్పత్రిలో అడగండి. కునుకు వస్తుంటే మాత్రం బిడ్డను మీ మంచం మీద ఉంచుకోకుండా పక్కనున్న ఉయ్యాలలో పడుకోబెట్టండి.