ఏ పార్టీకీ చెందకుండా మధ్యలో ఉండటం అంటే అసలు ఏంటండీ?

అందరికీ నమస్తే, మాది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరు మారతహళ్లిలో. ఫ్లాట్‌లో నలుగురం తెలుగోళ్లమే, రాత్రి రాజకీయాలు లేకుండా ముద్ద దిగదు. ఇక్కడి శక్తి స్కీమ్‌లో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు మంచిదే అన్నానా, ఒకడు నువ్వు కాంగ్రెస్సోడివి అంటాడు, జీఎస్టీ వచ్చాక బోర్డర్ చెక్‌పోస్టుల్లో లారీల క్యూలు పోయాయి కదరా అంటే ఇంకొకడు భక్తుడివి అంటాడు, చివరికి ఇద్దరూ కలిసి గోడ మీద పిల్లి అని తేల్చేశారు.

నా డౌటేంటంటే, ఒక్కో విషయంలో ఒక్కో వైపు ఉంటే సెంట్రిస్టా (అంటే మధ్యేవాదా), లేక అన్నిట్లో సగం సగం ఒప్పుకోవాలా? రెండోది నాకైతే ఎక్కదు, పెద్దమనిషి పంచాయితీలా ఉంటుంది.

ఓటు దగ్గర ఇంకా కష్టం. 2013 నుంచి నోటా ఉంది, కానీ ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో దానికి ఎన్ని ఓట్లు పడ్డా అభ్యర్థుల్లో ఎక్కువొచ్చినోడే గెలుస్తాడు. పోనీ పెద్ద పార్టీలు కాకుండా వేరేవాళ్లకి వేద్దామా అంటే, 2019లో ఇక్కడి మండ్య ఎంపీ సీటులో సుమలత గారు ఇండిపెండెంట్‌గా గెలిచారు, దానికీ బీజేపీ సపోర్ట్ ఉంది. 2009లో లోక్‌సత్తా పార్టీకి వచ్చిన సీటు కూకట్‌పల్లి ఒక్కటే.

ఏ జెండా మొయ్యకుండా ఓటేసేవాళ్లు ఉంటే చెప్పండి, అభ్యర్థిని చూస్తారా, మేనిఫెస్టోనా? ఫ్రెండ్స్‌తో ఎలా నెట్టుకొస్తున్నారు? పార్టీ ప్రచారం మాత్రం వద్దు బాబూ, దండం పెడతా.