నాన్‌ప్లస్డ్ అంటే తెల్లబోవడమా, తొణక్కపోవడమా?

ఓ అమెరికన్ కథ తెలుగు చేస్తూ ఈ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. కథ 2019 నాటిది. ఉద్యోగం మానేశానని భర్త చెప్తాడు. వెంటనే ఈ వాక్యం: 'షి లుక్డ్ అప్, నాన్‌ప్లస్డ్, అండ్ వెంట్ బ్యాక్ టు ఫోల్డింగ్ ద టవల్స్.' అక్కడితో సీన్ అయిపోతుంది, కాబట్టి ముందువెనకలు చూసినా తేలడం లేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి అర్థం, ఏం చేయాలో పాలుపోకపోవడం. లాటిన్‌లో నాన్ ప్లస్ అంటే 'ఇంకేమీ లేదు' కనుక ఇది బాగానే అతుకుతుంది. దాని కిందే, ఉత్తర అమెరికా వాడుకలో 'చలించకపోవడం' అని ఉంది! మెరియమ్ వెబ్‌స్టర్‌ కూడా రెండూ ఇచ్చి ఊరుకుంది.

'తెల్లబోయి' అని రాస్తే ఆమె పాపం అనిపిస్తుంది, 'తొణక్కుండా' అంటే గుండెదిటవు మనిషైపోతుంది. తువాళ్లు మడతపెట్టడం రెండింటికీ సరిపోతోంది, అదే చిక్కు. 'ఓ చూపు చూసి' అని దాటేసి చూశాను గానీ మాట మింగేసినట్టుంది.

అమెరికాలో ఉంటున్నవాళ్లూ, అక్కడ చదువుకున్నవాళ్లూ చెప్పండి: ఈ వాక్యం చదవగానే మీకు ముందు తట్టే అర్థం ఏది?