నంది కొండల సైకిల్ యాత్ర: విరాళాల రసీదు ఎవరి పేరున?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం కొందరం, పిల్లల గుండె ఆపరేషన్ల కోసం ఒక సంస్థ జరుపుతున్న సైకిల్ యాత్రకు పేర్లిచ్చాం. హెబ్బాళ నుంచి నంది కొండలకు సుమారు 50 కిలోమీటర్లు. చివర్లో వచ్చే ఘాట్ గురించి బెంగ లేదు, ఆయాసం వస్తే దిగి నెట్టుకుంటూ నడుస్తాం. చిక్కంతా డబ్బు దగ్గరే. ఒక్కొక్కరం కనీసం 10,000 రూపాయలు పోగుచేయాలట. మా బాబాయి, ఆఫీసువాళ్లు నాకే ఫోన్‌పేలో పంపుతామంటున్నారు. అదంతా నేను కడితే, విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే 80జి రసీదు నా పేరున వస్తుంది కదా? పాత పన్ను విధానంలో ఉన్న మా బాబాయి అస్సలు ఊరుకోరు! నగదుగా తీసుకుందామంటే, 2,000 దాటితే మినహాయింపే లేదు. ఇలాంటి యాత్రలు చేసినవారు దాతల పేరునే రసీదులు ఎలా ఇప్పించారు? టీషర్టులు, భోజనాల ఖర్చు విరాళాల్లోంచే తీస్తారా అని నిర్వాహకులను ముందే అడగవచ్చా?