గోల్ఫ్ స్వింగ్ వంకరగా ఉంది, బంతి మాత్రం తిన్నగా పోతోంది. మార్చుకోవాలా?

ఏడో_ఐరన్: నిన్న ఫోన్‌లో నా స్వింగ్ వీడియో చూసుకుని సిగ్గుతో చచ్చిపోయా. క్లబ్ (గోల్ఫ్ కర్ర) పైకెత్తేసరికి కుడి మోచెయ్యి కోడి రెక్కలా బయటికి లేస్తోంది. కానీ ఏడో ఐరన్‌తో పది బంతులు కొడితే ఏడు గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీదే పడుతున్నాయి. దీన్ని సరిచేసుకోవాలా?

బంకర్_బాధితుడు: జోలికి పోకండి. అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ని నిటారుగా బయటికెత్తి, దిగేటప్పుడు లూప్ తిప్పి లోపలికి తెస్తాడు. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016 ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రౌండ్‌లో 58 దెబ్బల్లోనే ముగించాడు (గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత గొప్ప). పీజీఏ టూర్‌లో (అమెరికా ప్రొఫెషనల్ పోటీల్లో) అంతకు తగ్గిన స్కోరు ఇంకెవరికీ లేదు.

ఆదివారం_ఆట: ఫ్యూరిక్‌కి చిన్నప్పట్నుంచీ వాళ్ల నాన్నే కోచ్. వేల బంతులు కొట్టి ఆ లూప్‌ని ఒంటికి పట్టించుకున్నాడు. మనం వారానికోసారి ఆడేవాళ్లం. టైమింగ్ కాస్త తప్పితే బంతి ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

పాత_పటర్: నాకైతే రివర్స్‌లో జరిగింది. ఓ కోచ్ ఎడమ చెయ్యి తిన్నగా ఉండాలని ఆరు నెలలు చావగొట్టాడు. నడుం పట్టేసింది, స్కోరు పెరిగింది, అంటే ఆట చెడింది. తర్వాత గోల్ఫర్ కాల్విన్ పీట్ గురించి తెలిసింది. చిన్నప్పుడు విరిగిన ఎడమ మోచెయ్యి ఆయనకి మళ్లీ పూర్తిగా చాపుకోలేదు. అయినా 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్లు డ్రైవింగ్ (రంధ్రానికి కొట్టే మొదటి దూరపు దెబ్బ) కచ్చితత్వంలో పీజీఏ టూర్‌లో ఆయనే ఫస్ట్! మర్నాటి నుంచి నా చెయ్యి నా ఇష్టం.

బంకర్_బాధితుడు: 😂

గ్రిప్_గోల: వీడియో చూసి కంగారు పడొద్దు. బంతికి క్లబ్ తగిలేది సెకనులో రెండు వేలవ వంతు కూడా ఉండదు. బంతి ఎటు బయల్దేరాలో ఆ క్షణంలో క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) ఎటు చూస్తోందన్నదే చాలావరకు తేలుస్తుంది, వెనక మోచెయ్యి ఏ నాట్యం చేసినా సరే. ఫేస్ మీద పల్చగా పౌడర్ పూసి పది బంతులు కొట్టండి. మచ్చలన్నీ ఒకచోటే పడితే మీ వంకర మీకు కుదిరినట్టే. చెల్లాచెదురైతే కోచ్ దగ్గరికెళ్లండి. మోచెయ్యో భుజమో నొప్పెడితే మాత్రం మచ్చలు ఎలా ఉన్నా వెళ్లాల్సిందే.

ఏడో_ఐరన్: పౌడర్ పూసి కొట్టా. పదిలో ఎనిమిది మచ్చలు ఒకే చోట, కాస్త హీల్ (ఫేస్‌లో కర్ర అతికే చివర) వైపు. బంతికి ఇంకో అర అంగుళం దూరంగా నిలబడితే మధ్యకొచ్చాయి. మోచెయ్యి అలాగే ఎగురుతోంది, ఎగరనీ. డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) మచ్చల సంగతి మాత్రం అడగొద్దు.