‘కుబుసము విడుచు’నా, ‘విడిచిన’నా?

తేటగీతి పాదం ఒకటి సగమే గుర్తుంది: ‘కుబుసము విడు... ముదితార’. ఏజీబీ తారలు, అంటే వయసు మళ్లి ఉబ్బిన ఎర్ర తారలు, పైపొరల్ని గాలిగా వదిలే సంగతి మీద పద్యం. విడుచు ముదితారా, విడిచిన ముదితారా? మిగతా పాదం ఎవరికైనా వచ్చా?

— విడుచు. కుబుస నగణం, మువిడుచు నలం, ముదితార సలం. నాలుగో గణం కొత్త మాటతో మొదలై ‘కు’కి యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి) చెల్లుతుంది. ‘విడిచిన’ అంటే యతిస్థానంలో ‘ర’ పడుతుంది, కుదరదు.

— ప్రాసయతి మరిచారు, యతి బదులు రెండో అక్షరాలు కలిసినా చాలు. ‘తార’ తర్వాతి మాట బకారంతో మొదలైతే ‘కుబు’కి సరిపోయింది. ఛందస్సు తేల్చదండీ, అర్థమే తేల్చాలి. గాలి సెకనుకు 5 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో ఎడతెగకుండా పోతుంది. కాబట్టి విడుచు.

— అన్ని తారలూ అంతేనా? టీటీ సిగ్నీ అనే తార చుట్టూ పలుచని బోలు గుల్ల ఉంది, ఒక్క ఊపున వదిలింది. విడిచినదే. బోలు గుల్లకు కార్బన్ మోనాక్సైడ్ రేఖ (ఆ అణువుల రేడియో వర్ణపటంలో కనిపించే గీత) రెండు కొమ్ములతో వస్తుంది.

— కొమ్ములు చూసి తీర్పు చెప్పకండి. రేఖ పలుచనైతే (దాని కాంతి వాయువులో చిక్కకుండా బయటపడితే) ఎడతెగని గాలి కూడా, దుర్భిణి పుంజం (ఒక్కసారికి చూసే ఆకాశపు ముక్క) కన్నా వెడల్పుంటే, కొమ్ములే చూపిస్తుంది. పుంజంలో ఇమిడితే బల్లపరుపు. రేఖ దట్టమై ఇమిడితే పరావలయం. 115.27, 230.54 గిగాహెర్ట్జ్ రేఖలు రెండూ తీయాలి, తారకు పక్కలకూ గురిపెట్టి పటం గీయాలి. పోల్చడానికి తీసుకున్న ఖాళీ ఆకాశంలో నక్షత్రాంతర మేఘం ఉంటే, దాన్ని తీసివేసినప్పుడు రేఖలో గండి పడి దొంగకొమ్ములు పుడతాయి. ఆ చోటు మార్చి మళ్లీ చూడాలి.

— వెలుపలి అంచునీ నమ్మకూడదు. అక్కడ అతినీలలోహిత కాంతి అణువును చీల్చేస్తుంది, గాలి ఎప్పుడు మొదలైందో ఆ అంచు చెప్పదు. ఇక గాలి ద్రవ్యరాశి లెక్కలో దూరం దాదాపు వర్గంగా వస్తుంది: 20 శాతం ఎక్కువ వేస్తే ఫలితం 44 శాతం పెరుగుతుంది. హైడ్రోజన్ అణువులతో కార్బన్ మోనాక్సైడ్ నిష్పత్తి కార్బన్ తారకు (ఆక్సిజన్ కన్నా కార్బన్ ఎక్కువున్నదానికి) వెయ్యింట ఒకటి, ఆక్సిజన్ తారకు పదివేలింట రెండు మూడు. ఒకదానికొకటి వాడితే మూడు నుంచి అయిదు రెట్లు తప్పు.

— ముదితార వైరిసమాసం (తెలుగు ‘ముది’కి సంస్కృత ‘తార’ను అతికించారు), నాకదే బాధ. సీడబ్ల్యూ లియోనిస్ అనే తారను చూడండి. దుమ్ము కప్పేసి మామూలు కంటికి ఆనదు, 5 మైక్రాన్ల దగ్గర సౌరకుటుంబం వెలుపల దాన్ని మించిన వెలుగు లేదు. ఆ దుమ్ముకు పోతన ‘పెంజీకటి’ని మించిన మాట ఉందా?

— పోతన పద్యంలో బరువంతా ‘అవ్వల’ మీద ఉంది. చీకటికి అవతల వెలిగేవాడు కదా! 1971లో ఈ తార దగ్గర కార్బన్ మోనాక్సైడ్ దొరికిందీ దుమ్ము అడ్డురాని మిల్లీమీటరు తరంగాల్లోనే.

— పాదానికి రండి. ఆర్ స్కల్ప్టోరిస్ తారకి 2012లో ఆల్మా రేడియో దుర్భిణి ఇచ్చిన పటంలో గుల్లా ఉంది, లోపల సర్పిలమూ ఉంది. ఒక్కసారిగా విడిచాక కూడా విడుస్తూనే ఉంది. ‘విడిచియు విడుచు ముదితార’ అని పాఠం ఉండొచ్చా?

— ఉండదు. యతిస్థానంలో ‘ము’ పడుతుంది, ప్రాసయతీ లేదు. ‘ముదితా’ అక్కడ ఉండాల్సిన సూర్యగణమూ కాదు.